అంగన్‌వాడీ టీచరమ్మది సేవా, ఉద్యోగమా?

2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీలపై ఎస్మా ప్రయోగించింది. అప్పటికి వాళ్ల సమ్మె 26వ రోజుకు చేరింది. అత్యవసర సేవలు ఆగిపోకూడదని తెచ్చిన చట్టం ఎస్మా. సమ్మె శిబిరాల్లో కూర్చున్న ఆడవాళ్లేమో ప్రభుత్వ రికార్డుల్లో ఉద్యోగులు కారు. గౌరవ వేతనం తీసుకుని సమాజానికి సేవ చేసే కార్యకర్తలు. జీతం సంగతి వచ్చినప్పుడు సేవకులైనవాళ్లు, పని ఆపినప్పుడు అత్యవసర సిబ్బంది ఎలా అయ్యారు?

ఈ చిక్కు ఇంకో చోట కూడా కనిపిస్తుంది. అప్పట్లో రాష్ట్రంలో సంక్షేమ పథకాలకు పల్లెల్లో కుటుంబ ఆదాయ పరిమితి నెలకు 10,000 రూపాయలు. అంగన్‌వాడీ టీచరుకు వచ్చేది 11,500. ఆ 1,500 ఎక్కువైనందుకు ఆమె ఇంటికి పథకాలు ఆగిపోయాయి. అంటే పథకాల దగ్గర ఆమెది ఆదాయం, వేతన చట్టాల దగ్గర గౌరవం. సమ్మె డిమాండ్ల పత్రంలో ‘సంక్షేమ పథకాలు వర్తింపజేయాలి’ అన్న మాట ఉన్నది అందుకే. బయటినుంచి చూసేవాళ్లకు అదేదో చిల్లర కోరికలా అనిపించి ఉంటుంది. నిజానికి గొడవ మొత్తం అందులోనే ఉంది. ఆమెను ఏమని పిలవాలో తేల్చండి, ఆ పిలుపుకు తగ్గట్టు అన్ని చోట్లా నడుచుకోండి అన్నదే ఆ కోరిక.

చిన్న పిల్లలకు చదువు చెప్పేవాళ్ల తరఫున సంఘాలు ఏం చేస్తాయని అడిగితే ధర్నాలు, చలో విజయవాడలు, చలో హైదరాబాద్‌లు గుర్తొస్తాయి. అవి పైకి కనిపించేవి. కనిపించని పని ఏళ్ల తరబడి సాగుతుంది. దాని సారం ఒక్కటే: ‘సేవ’ అన్న మాటను చెరిపి ‘పని’ అని రాయించడం. ఆ మాట మారితే డబ్బు, సెలవు, పింఛను, మర్యాద దాని వెనకే వస్తాయి. మారకపోతే ఎన్ని సమ్మెలు చేసినా వచ్చేది పెంపే, హక్కు కాదు.

వంద రూపాయలతో మొదలు

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం, మొదలైంది. ఊళ్లో చదువుకున్న ఒక అమ్మాయి పూటకు కొన్ని గంటలు పిల్లలను చూసుకుంటుంది, అందుకు చేతి ఖర్చులకు కాస్త ఇద్దాం అన్నది అప్పటి ఊహ. పదో తరగతి పాసైనవాళ్లకు నెలకు 150 రూపాయలు, కానివాళ్లకు 100, ఆయాకు 35. పూర్వప్రాథమిక విద్య, అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ, ఈ ఆరు సేవలూ ఆ ఇద్దరుండే కేంద్రం ద్వారానే అందాలన్నారు.

యాభై ఏళ్లలో పని ఎన్ని రెట్లు పెరిగిందో అంగన్‌వాడీ గుమ్మం దాకా వెళ్లి చూసినవాళ్లకు తెలుసు. గుడ్ల లెక్క, పాల ప్యాకెట్ల లెక్క, పిల్లల బరువు, ఎత్తు, గర్భిణుల నమోదు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఫొటోలు, సెక్టార్ మీటింగులు, పల్స్ పోలియో, ఓటర్ల జాబితా డ్యూటీ. వీటన్నిటి మధ్యా మూడేళ్ల పిల్లవాడికి పాట నేర్పాలి, వాడి చేత రంగులు గుర్తుపట్టించాలి, కథ చెప్పాలి. పని ఇంత మారినా పిలుపు 1975 నాటిదే.

డబ్బు లెక్క కూడా కొంచెం ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే సంఘాలు ఏ తలుపు తట్టాలో అది చెబుతుంది. కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి టీచరుకు 4,500, ఆయాకు 2,250. అంతకుముందు 3,000, 1,500 ఉండేవి. 2018 తర్వాత ఏళ్లు గడుస్తున్నా ఆ అంకె కదల్లేదు. ఆ 4,500లోనూ కేంద్రం పెట్టేది 60 శాతమే, అంటే 2,700 రూపాయలు. మిగిలిన 1,800 రాష్ట్రం వాటా. ఆపైన ఎంత కలపాలన్నది రాష్ట్రం ఇష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 11,500 ఇస్తున్నారంటే అందులో 8,800 రాష్ట్ర ఖజానాదే. తెలంగాణలో 2021లో ప్రభుత్వోద్యోగుల వేతన సవరణ (పీఆర్సీ)తో పాటు పెరిగి 13,650 అయింది. అక్కడ రాష్ట్రం భారం ఇంకా ఎక్కువ.

దీనివల్ల ఏం జరుగుతుందంటే, ఢిల్లీ వెళ్లి అడిగితే ‘రాష్ట్రాలు కలిపి ఇవ్వొచ్చు కదా’ అంటారు. రాష్ట్రంలో అడిగితే ‘ఇది కేంద్ర పథకం’ అంటారు. అద్దె బకాయిలు, గ్యాస్ బిల్లులు, టీఏలు అడిగితే ప్రాజెక్టు ఆఫీసులో ‘బడ్జెట్ రాలేదు’ అంటారు. ఒక్క టీచరు ఈ మూడు చోట్లకూ తిరగలేదు. సంఘం అవసరం మొదట ఇక్కడ పుడుతుంది. సీఐటీయూకు అనుబంధంగా అఖిల భారత అంగన్‌వాడీ ఫెడరేషన్ 1989లో ఏర్పడింది. ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ, బీఎంఎస్ వంటి కేంద్ర కార్మిక సంఘాలకూ అంగన్‌వాడీ విభాగాలున్నాయి. మండలంలో ఒక నాయకురాలు ప్రాజెక్టు అధికారి (సీడీపీవో) ఆఫీసు ముందు బిల్లుల కోసం నిలబడితే, అదే సంఘం పైవాళ్లు పార్లమెంటు సభ్యుల చేతికి వినతిపత్రం అందిస్తారు. ఒకే సమస్యను మూడు అంతస్తుల్లో ఏకకాలంలో అడగడం సంఘం ఉంటేనే కుదురుతుంది.

రాష్ట్రాలను పక్కపక్కన పెట్టి చూపడం కూడా వాళ్ల చేతిలో మంచి ఆయుధం. ‘తెలంగాణ కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తాం’ అని జగన్‌మోహన్ రెడ్డి పాదయాత్రలో ఇచ్చిన మాట 2023 సమ్మెలో ప్రతి శిబిరంలోనూ వినిపించింది. హైదరాబాద్‌లో పెరిగిన ప్రతి రూపాయీ విజయవాడలో వాదన అవుతుంది.

ఓడిన కేసు గెలిపించిన కథ

నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చేది, చాలామందికి తెలియనిదీ కోర్టుల కథ.

2006 డిసెంబరులో సుప్రీంకోర్టు అమీర్‌బీ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ పోస్టు కాదని చెప్పింది. అది ఒక పథకం కింద ఇచ్చిన పని, చట్టం ద్వారా ఏర్పడిన పోస్టు కాదు అన్నది తీర్పు సారాంశం. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎక్కడ ఏ హక్కు అడిగినా ప్రభుత్వ న్యాయవాదులు ఆ తీర్పునే చూపించారు.

దీనితో సంబంధం లేనట్టు కనిపించే ఇంకో కేసు అంతకుముందే నడిచింది. అహ్మదాబాద్ ప్రైవేటు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సంఘం తమకూ గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి దిగిపోయేటప్పుడు చట్టప్రకారం ఇచ్చే మొత్తం, కావాలని కోర్టుకెక్కింది. 1997 ఏప్రిల్ 3న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, పది మంది, ఆపైన పనిచేసే విద్యాసంస్థలను గ్రాట్యుటీ చట్టం కిందికి తెచ్చింది. బడి చట్టం కిందికి వచ్చింది సరే, బడిలో పాఠం చెప్పేవాళ్లు వస్తారా? 2004 జనవరిలో సుప్రీంకోర్టు రారని తేల్చింది. చట్టంలో ఉద్యోగి అన్న నిర్వచనంలో నైపుణ్యం ఉన్న పనివాళ్లు, లేని పనివాళ్లు, గుమాస్తాలు, పర్యవేక్షకులు ఉన్నారు గానీ ఉపాధ్యాయులు ఇమడరని చెప్పింది. కావాలంటే చట్టసభ ఆలోచించుకోవచ్చని కూడా అన్నది.

సంఘం ఓడింది. కానీ తలుపు ఎక్కడుందో కోర్టే చూపించినట్టయింది. 2009లో పార్లమెంటు ఆ నిర్వచనాన్ని మార్చింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచే అమలయ్యేలా. ఉపాధ్యాయులు చట్టంలోకి వచ్చారు.

ఇప్పుడు గుజరాత్‌లోని దాహోద్ జిల్లాకు రండి. అక్కడ రిటైరైన అంగన్‌వాడీ మహిళలు గ్రాట్యుటీ అడిగారు. చెల్లింపుల అధికారి ఇమ్మన్నాడు, హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఇమ్మంది, డివిజన్ బెంచి అమీర్‌బీ తీర్పు చూపి కాదంది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2022 ఏప్రిల్ 25న న్యాయమూర్తులు అజయ్ రస్తోగీ, అభయ్ ఓకా తీర్పు చెప్పారు. ఆహార భద్రత చట్టం వచ్చాక ఈ కేంద్రాలకు చట్టబద్ధత వచ్చిందన్నారు. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వప్రాథమిక విద్య ఏర్పాటు చేయమంటోంది, అంగన్‌వాడీల్లో జరిగేది అదే అన్నారు. కనుక ఈ కేంద్రాలకు 1997 నోటిఫికేషన్ వర్తిస్తుంది, గౌరవ వేతనం అని ఏ పేరు పెట్టినా అది చట్టం దృష్టిలో వేతనమే, గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే అన్నారు.

ఆమెకు హక్కు తెచ్చిపెట్టిన వాదనల్లో పప్పూ గుడ్డూ వండి పెట్టిన పనితో పాటు పాఠం చెప్పిన పని కూడా ఉంది. పిల్లలను ఆడిస్తుంది అని తేలిగ్గా తీసేసే ఆ రెండు మూడు గంటలను కోర్టు విద్య అంది. అది విద్య అయినప్పుడు ఆమె ఉపాధ్యాయురాలే.

ఈ తీర్పు విలువ రూపాయల్లో ఎంతో చూద్దాం. గ్రాట్యుటీ అంటే చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్లతో మళ్లీ హెచ్చించడం. 11,500 మీద 30 ఏళ్ల సర్వీసుకు అది దాదాపు 1,99,000 రూపాయలు. ఏడు వేలు తీసుకునే ఆయాకు సుమారు 1,21,000. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటిదాకా రిటైర్మెంటు నాడు చేతిలో పెట్టేది టీచరుకు 50,000, ఆయాకు 20,000. సమ్మె ముగింపు ఒప్పందంలో దాన్ని 1.20 లక్షలు, 60,000 చేశారు. పెద్ద పెంపే, కాదనను. కానీ గ్రాట్యుటీ లెక్కతో పోల్చి చూస్తే ఇంకా ఎంత రావాలో తెలుస్తుంది. ‘రిటైర్మెంటు ప్రయోజనం పెంచాం కదా’ అన్న తర్వాత కూడా సంఘాలు గ్రాట్యుటీ అన్న మాటనే పట్టుకుని కూర్చోవడానికి కారణం ఇదే. ప్రయోజనం ప్రభుత్వం ఇచ్చేది, గ్రాట్యుటీ ఆమె అడిగి తీసుకోగలిగేది.

గుజరాత్ హైకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. 2025 ఆగస్టులో డివిజన్ బెంచి అక్కడి అంగన్‌వాడీ కార్యకర్తకు కనీసం 24,800, ఆయాకు 20,300 ఇవ్వాలని చెప్పింది. అది ఆ రాష్ట్రానికి సంబంధించినదే అయినా, మిగతా రాష్ట్రాల సంఘాల చేతికి ఒక అంకె వచ్చింది. కేంద్రం 4,500 దగ్గర ఆగిన చోట 24,800 అని ఒక హైకోర్టు రాసిందంటే బేరం మొదలయ్యే చోటే మారిపోతుంది.

మాట, మినిట్స్, జీవో

ఆంధ్రప్రదేశ్ సమ్మె 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగింది. మూడు సంఘాలు ఉమ్మడి కార్యాచరణ కమిటీ (జేఏసీ)గా కలిశాయి. కొన్ని చోట్ల అధికారులు కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందితో నడిపించే ప్రయత్నం చేశారు. సమ్మె మొదలైన నాలుగో రోజు, డిసెంబరు 15న, భీమవరంలో అంగన్‌వాడీల ఆందోళనకు మద్దతుగా బయల్దేరిన ఎమ్మెల్సీ షేక్ సాబ్జీ దారిలో కారు ప్రమాదంలో మరణించారు. ఆయన గోదావరి జిల్లాల ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి గెలిచినవారు.

ఆ నియోజకవర్గం సంగతి ఇక్కడ ఒక్క నిమిషం చెప్పుకోవాలి. శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు ఉపాధ్యాయులవి. అయితే రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం హైస్కూలు, ఆపై స్థాయి సంస్థల్లో పాఠాలు చెప్పేవాళ్లకే ఆ ఓటు. ప్రాథమిక బడి టీచరుకే లేదు, ఇక అంగన్‌వాడీ టీచరు మాటేముంది? మన రెండు రాష్ట్రాల్లో ఉపాధ్యాయ సంఘాలకు అంత పలుకుబడి ఉండటానికి మండలి సీట్లు ఒక కారణం. పిల్లవాడి వయసు తగ్గేకొద్దీ వాడికి చదువు చెప్పే మనిషి గొంతు చట్టసభలో సన్నబడుతూ వస్తుంది. సాబ్జీ గారి లాంటివాళ్లు తమకు ఓటు లేని ఆడవాళ్ల కోసం రోడ్డెక్కారంటే అది వాళ్ల మంచితనం. వ్యవస్థ ఏర్పాటు చేసిన దారి కాదు.

సమ్మె ముగిసిన రోజు ఏం గెలిచారన్న లెక్కలో కొత్తవాళ్లు పొరబడతారు. మంత్రి నోట వచ్చింది మాట. అధికారులు సంతకం చేసిన కాగితం మినిట్స్. శాఖ విడుదల చేసింది జీవో. ఆర్థిక శాఖ నిధులు వదిలితే అది బ్యాంకు ఖాతాలో జమ. ఈ నాలుగింటి మధ్య ఏళ్లు పట్టొచ్చు. రిటైర్మెంటు వయసు 60 నుంచి 62కు పెంచడం వంటివి త్వరగా తేలాయి. అసలు కోరిక అయిన వేతన పెంపు మాత్రం 2024 జూలైలో చూద్దామన్నారు. జూన్‌లో ప్రభుత్వమే మారింది. సంతకాలు చేసిన ప్రభుత్వం వేరు, అమలు చేయాల్సిన ప్రభుత్వం వేరు. ‘42 రోజుల సమ్మె మినిట్స్ అమలు చేయాలి’ అన్న మాట 2025లోనూ ధర్నాల్లో వినిపించింది. సంఘం ఆఫీసులో మినిట్స్ కాపీని జాగ్రత్తగా దాచే మనిషి, వేదిక మీద బాగా మాట్లాడే మనిషి కంటే తక్కువేమీ కాదు.

మినీ కేంద్రాల విషయం చూస్తే ఓపిక ఫలితం తెలుస్తుంది. మినీ అంగన్‌వాడీలో ఆయా ఉండదు. వండేది, ఊడ్చేది, చదువు చెప్పేది ఒక్కరే, జీతం మాత్రం తక్కువ. తెలంగాణ 2023లో 3,989 మినీ కేంద్రాలను మెయిన్ కేంద్రాలుగా మార్చాలని నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 4,687 కేంద్రాల విషయంలో అదే చేసింది. ఏళ్ల తరబడి ప్రతి వినతిపత్రంలో ఒక వరుసగా ఉన్న కోరిక అది.

జీతం కాని కోరికలు కూడా ఉంటాయి. 2021లో మహారాష్ట్రలో వేలాది కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను తిరిగి ఇచ్చేశారు. ఫోన్లు పాతబడి యాప్ పనిచేయడం లేదని, అందులోని ఇంగ్లిషు తమకు అర్థం కావడం లేదని వాళ్ల ఫిర్యాదు. నాకు ఇది కేవలం ఫోన్ల గొడవగా కనిపించదు. పని చేసే పద్ధతి మీద పని చేసేవాళ్లకు మాట ఉండాలన్నది అందులోని అసలు విషయం.

బోధన సంగతి ఎవరు మాట్లాడాలి?

అమెరికాలో చిన్న పిల్లల ఉపాధ్యాయుల సంఘం ఎన్‌ఏఈవైసీ 1926లో పుట్టింది. అది జీతం దగ్గర మొదలవలేదు, ప్రమాణాల దగ్గర మొదలైంది. మంచి శిశుపాఠశాల అంటే ఏమిటి, పిల్లవాడితో ఎలా మాట్లాడాలి, ఏ శిక్షణ ఉండాలి అన్నవి రాసింది. 1989లో వృత్తి నియమావళి తెచ్చింది. వృత్తి అని నిరూపించాక ఆ వృత్తికి తగ్గ జీతం అడగాలన్నది దాని దారి. మన దగ్గర దారి తిరగబడింది. ఇక్కడ ఆకలి ముందు వచ్చింది, కార్మిక సంఘం ముందు వచ్చింది. తెలుగులో రెండింటికీ ‘సంఘం’ అనే అంటాం గనుక తేడా కనబడదు.

మన దారి తప్పని నేననను. 150 రూపాయల మనిషిని వృత్తి ప్రమాణాల గురించి మాట్లాడమనడం అన్యాయం. కానీ ఇప్పుడు ఆ రెండో పని కూడా మన సంఘాలే భుజాన వేసుకోవాలని గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకంటే ప్రమాదం బోధన వైపు నుంచే వస్తోంది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల వయసును చదువు మొదలయ్యే వయసుగా తీసుకుంది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా అంది. ఆంధ్రప్రదేశ్‌లో ఫౌండేషన్ స్కూళ్ల పేరుతో పీపీ-1, పీపీ-2 అనే పూర్వప్రాథమిక తరగతులను ఒకటి, రెండు తరగతులతో కలిపే ప్రయత్నం జరిగింది. తెలంగాణ 2025-26లో కొన్ని ప్రభుత్వ బడుల్లో పూర్వప్రాథమిక తరగతులు తెరిచింది. మూడేళ్లు దాటిన పిల్లలు బడికి వెళ్లిపోతే అంగన్‌వాడీలో ఏం మిగులుతుందని సంఘాలు నిరసన తెలిపాయి. దాహోద్ తీర్పు చదివినవాళ్లకు ఆ భయం లోతు తెలుస్తుంది. పూర్వప్రాథమిక విద్య పోతే ఉపాధ్యాయురాలు అన్న వాదనే బలహీనపడుతుంది. మిగిలేది గుడ్లు పంచే కేంద్రం.

దానికి సమాధానం ధర్నా ఒక్కటే అయితే సరిపోదు. ‘మేం చెప్పే చదువు ఇది, ఈ పిల్లలు ఇంత నేర్చుకున్నారు, ఇంతమందికి శిక్షణ ఉంది, ఇంకా ఇది కావాలి’ అని సంఘమే తన వైపు నుంచి కాగితం పెట్టాలి. అనుభవం దండిగా ఉంది. పాతికేళ్లుగా మూడేళ్ల పిల్లల ఏడుపు మాన్పించి కూర్చోబెట్టిన మనిషికి తెలిసినది ఏ ఆరు నెలల కోర్సులోనూ దొరకదు. ఆ తెలివిని పాఠంగా రాయించే పని మాత్రం మన సంఘాల్లో ఇంకా చిన్నగానే ఉంది.

ఆయాల విషయంలోనూ లోటుంది. టీచరు వేతనం పెరిగినప్పుడల్లా ఆయాది సగానికి అటూ ఇటూగా పెరుగుతుంది. టీచరు సెక్టార్ మీటింగుకు వెళ్లిన రోజు పిల్లలను పట్టుకుని కూర్చునేది ఆయానే. సంఘం పేరులో వర్కర్స్‌తో పాటు హెల్పర్స్ అని ఉంటుంది, వేదిక మీద మైకు దగ్గరికి వచ్చేది ఎక్కువగా టీచర్లే.

ఇక ప్రైవేటు ప్లే స్కూళ్లు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతి వీధుల్లో రంగు రంగుల బోర్డుల వెనక పనిచేసే అమ్మాయిలకు సంఘం అన్నదే దాదాపు లేదు. జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్లే స్కూళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. అమలు చేయమని అడగడానికి ఆ టీచర్ల తరఫున గట్టిగా నిలబడేవాళ్లు లేరు. అహ్మదాబాద్ సంఘం ఓడి సాధించిన 2009 సవరణ తెచ్చిన హక్కు వీళ్లకూ ఉంది. పది మంది పనిచేసే బడి అయి, అయిదేళ్ల సర్వీసు ఉంటే గ్రాట్యుటీ హక్కు ఉంది. చాలా ప్లే స్కూళ్లలో పది మంది ఉండరు. ఉన్న చోట కూడా పెళ్లనో, కాన్పనో, వేరే బడిలో వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తారనో అయిదేళ్లు నిండకుండానే అమ్మాయి మారిపోతుంది. నాలుగో ఏడు చివర ఉద్యోగం మానేస్తున్న ఆ అమ్మాయికి, ఇంకో ఏడాది ఆగమ్మా, నీకు ఒక హక్కు వస్తుంది అని చెప్పే మనిషి ఈరోజుకీ ఆ వీధిలో లేదు.